రోటేటర్ కఫ్ కుట్టడానికి ఏ యాంకర్? టైటానియం, కరిగేవి, పీక్, దారపు యాంకర్ల మంచిచెడ్డలు

భుజం కీలు చుట్టూ ఉండే టెండన్ల (కండరాన్ని ఎముకకు పట్టించే నారల) గుంపే రోటేటర్ కఫ్. అది చిరిగినప్పుడు ఆ టెండన్‌ను తిరిగి ఎముకకు పట్టించి ఉంచేది సూచర్ యాంకర్. అది ఎముకలో దిగి కూర్చుంటుంది. దాని ఐలెట్, అంటే దారం దూరే కన్నం, గుండా వచ్చిన దారాలు టెండన్‌ను గుచ్చి పట్టుకుని, పై చెయ్యి ఎముకైన హ్యూమరస్ తల పక్కనున్న గుబ్బకు, గ్రేటర్ ట్యూబరోసిటీకి, అదిమి ఉంచుతాయి. అంతకు మించి దానికి పనేమీ లేదు. ఆ పని కూడా ఎల్లకాలం ఉండదు. టెండన్ ఎముకతో కలిసిపోవడానికి 12 వారాల పైచిలుకు పడుతుంది, ఆ తర్వాత బరువంతా మోసేది కొత్తగా పుట్టిన కణజాలమే. మూడు నాలుగు నెలల పనికోసం ముప్పై ఏళ్ళు ఒంట్లో ఉండిపోయే వస్తువు పెట్టాలా, పని అయ్యాక తనంతట తాను కరిగిపోయేది పెట్టాలా అన్న దగ్గరే పదార్థాల గొడవంతా మొదలైంది.

ఈ చర్చ జరిగినప్పుడల్లా బ్రోషర్లు ముందుకు తోసేది పుల్-అవుట్ అంకెను, అంటే యాంకర్‌ను ఎముకలోంచి ఊడబెరకడానికి ఎంత బలం కావాలన్న లెక్కను. ఆ అంకెకు నేను పెద్దగా విలువివ్వను. కఫ్ కండరాలు పూర్తి బలంతో లాగితే మొత్తం మీద పడే లాగుడు సుమారు 300 న్యూటన్లని లెక్క. అది రెండు నుంచి నాలుగు యాంకర్లకూ, ఒక్కో యాంకర్‌లో ఉండే రెండు మూడు దారాలకూ పంచుకుపోతుంది. పైగా మొదటి ఆరు వారాలు చెయ్యి స్లింగ్‌లోనే ఉంటుంది కాబట్టి పూర్తి బలంతో లాగే ప్రసక్తే ఉండకూడదు. ఓ మోస్తరు ఎముకలో సరిగ్గా దిగిన 5.5 మిల్లీమీటర్ల మర యాంకర్, అది ఏ పదార్థంతో చేసిందైనా, తన వాటాకొచ్చే బరువు కంటే చాలా ఎక్కువే తట్టుకుంటుంది. మరమ్మతు విఫలమైన భుజాన్ని తిరిగి తెరిచి చూస్తే సాధారణంగా యాంకర్ ఉన్నచోటే ఉంటుంది. దారం టెండన్‌ను కోసుకుని బయటికొచ్చి ఉంటుంది. లోహపు యాంకర్లనూ కరిగే యాంకర్లనూ పక్కపక్కన పెట్టి పోల్చిన అధ్యయనాల్లో చెయ్యి పనితీరులోనూ, టెండన్ మళ్ళీ చిరగడంలోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించకపోవడానికి కారణం ఇదే.

అయితే పదార్థం ఏదైనా ఒకటేనా అంటే ఒకటి కాదు. తేడా తెలిసేది ఏదైనా తేడా వచ్చిన రోజున. ఎముక మెత్తగా ఉన్నప్పుడు, ఎంఆర్ఐ తీయాల్సి వచ్చినప్పుడు, చీము పట్టినప్పుడు, రెండోసారి అదే చోట యాంకర్ పెట్టాల్సి వచ్చినప్పుడు. ఎంపిక ఆ నాలుగు సందర్భాలను ముందే ఊహించుకుని చేయాలి.

లోహం

యాంకర్లు రాకముందు ట్యూబరోసిటీలో సొరంగాలు తొలిచి దారాలు దూర్చి ఎముక మీదే ముడి వేసేవారు. భుజం కీలు చుట్టూ స్క్రూలు, స్టేపుల్స్ కూడా వాడారు. అవి ఊడి కీలులోకి జారడం, విరగడం, మృదులాస్థిని గీరేయడం గురించి 1984లో జకర్‌మన్, మాట్సెన్ రాసిన వ్యాసం భుజం సర్జన్లకు బాగా తెలిసిందే. ఎముకలో పూర్తిగా మునిగిపోయి, దారం మాత్రమే పైకి తేలే యాంకర్లు ఆ తర్వాత వ్యాప్తిలోకి వచ్చాయి. మొదట్లో స్టెయిన్‌లెస్ స్టీలు వాడినా త్వరలోనే టైటానియం మిశ్రమం ఆ చోటు తీసుకుంది.

టైటానియంలో మెచ్చుకోవాల్సింది దింపడంలో ఉన్న సులువు. మర అంచు పదునుగా ఉంటుంది, తన దారి తానే కోసుకుంటుంది. చిన్న పంచ్ దెబ్బతో కార్టెక్స్ అనే గట్టి పైపొరకు రంధ్రం పెడితే చాలు, విడిగా ట్యాప్ చేయనక్కర్లేదు, అంటే మర దారిని ముందే కోసి పెట్టనక్కర్లేదు. బిగించేటప్పుడు విరగదు. ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి ఎక్కడుందో, కదిలిందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. సాధారణంగా ధరలోనూ ఇదే తక్కువ.

చిక్కులు మూడు. మొదటిది, లోహపు ఐలెట్ అంచు. పాత పాలియెస్టర్ దారాలు ఆ అంచుకు రాసుకుని తెగేవి. అల్ట్రా హై మాలిక్యులర్ వెయిట్ పాలిఎథిలీన్ దారాలు వచ్చాక ఆ బెడద బాగా తగ్గింది, కానీ ఐలెట్ దిశ చూసుకోకుండా అడ్డంగా లాగితే ఇప్పటికీ దారం పోగులు లేస్తాయి. యాంకర్‌ను తిప్పి దింపే డ్రైవర్ మీదున్న గీతలు ఐలెట్ ఎటు తిరిగి ఉందో చెబుతాయి. దారాలు టెండన్ వైపు సూటిగా జారేలా యాంకర్‌ను చివరి పావు తిప్పులో సరిచేసుకోవాలి.

రెండోది ఎంఆర్ఐ. టైటానియం అయస్కాంతానికి లాగబడదు, స్కాన్ ప్రమాదమేమీ కాదు. కానీ యాంకర్ చుట్టూ నల్లటి మచ్చ, దాని అంచున తెల్లటి వెలుగు పడి, మనకు చూడాల్సిన ఫుట్‌ప్రింట్, అంటే టెండన్ ఎముకకు అతుక్కునే చోటు, సరిగ్గా ఆ మచ్చ కిందే మాయమవుతుంది. స్టీలుతో అయితే ఇంకా ఘోరం. లోహపు యాంకర్ ఉన్న భుజానికి ఎంఆర్ఐ రాసేటప్పుడు ఆ సంగతి రేడియాలజీకి ముందే చెప్పాలి. అయస్కాంత బలం 3 టెస్లా ఉన్న యంత్రం కంటే 1.5 టెస్లాది నయం. గ్రేడియెంట్ ఎకో సీక్వెన్సులు వద్దు, కొవ్వు సంకేతాన్ని అణచడానికి స్టిర్ అనే స్కాన్ పద్ధతి వాడాలి, బ్యాండ్‌విడ్త్ పెంచాలి. ఇంతా చేసి అనుమానం తీరకపోతే అల్ట్రాసౌండ్ ఉండనే ఉంది. చేయి తిరిగినవాళ్ళు చూస్తే టెండన్ ఉందో ఊడిందో దాంతోనే తేలిపోతుంది.

మూడోది, అన్నిటికంటే చెడ్డది, ఊడి రావడం. మెత్తటి ఎముకలో చెయ్యి కదిలిన ప్రతిసారీ యాంకర్ అటూఇటూ ఊగుతుంది, రంధ్రం మెల్లగా వెడల్పవుతుంది, ఒకరోజు మర పట్టు వదులుతుంది. పీక్ అనే ప్లాస్టిక్‌దైనా కరిగేదైనా ఇలాగే ఊడవచ్చు, కానీ కీలులోకి పడ్డ టైటానియం ముక్క మృదులాస్థిని ఆకురాయిలా గీరేస్తుంది. ఆపరేషన్ అయ్యాక ఒకటి, ఆరు వారాలకు ఒకటి, మూడు నెలలకు ఒకటి ఎక్స్‌రే ఒకే కోణంలో తీయించి పక్కపక్కన పెట్టి చూడాలి. తల భాగం కార్టెక్స్ గీత దాటి పైకొచ్చినట్టు కనబడినా, కొత్తగా కరకర శబ్దం మొదలైనా వారాల తరబడి ఆగకూడదు, లోపలికి వెళ్ళి తీసేయాలి.

కరిగే పాలిమర్లు

కరగడం అన్న మాట వినగానే ఉప్పు నీళ్ళలో కలిసినట్టు ఊహించుకుంటాం. జరిగేది వేరు. ఒంట్లోని నీరు పాలిమర్ గొలుసుల్లోని ఎస్టర్ బంధాలను ఒక్కొక్కటిగా తెంపుతుంది. గొలుసులు పొట్టివైపోతాయి, యాంకర్ బలం తగ్గుతుంది, అప్పటికింకా దాని ఆకారమూ బరువూ అలాగే ఉంటాయి. చాలా కాలం తర్వాత అది ముక్కలై, లాక్టిక్ ఆమ్లంగా, గ్లైకాలిక్ ఆమ్లంగా విడిపోయి, చివరికి కార్బన్ డయాక్సైడ్, నీరుగా బయటికి పోతుంది. అంటే బలం ముందు పోతుంది, పదార్థం తర్వాత పోతుంది. కరిగే యాంకర్ల మంచీ చెడూ రెండూ ఈ రెంటి మధ్య ఉన్న ఎడంలోనే ఉన్నాయి.

మొదట్లో వాడిన పాలీగ్లైకాలిక్ ఆమ్లం మరీ తొందరపడేది. కొద్ది వారాలకే బలం కోల్పోయేది, అంటే టెండన్ ఇంకా అతుక్కోకముందే. అంత వేగంగా ఆమ్లం ఊరుతుంటే దాన్ని తరలించే రక్త ప్రసరణ చాలక చుట్టూ ఎముక తినేసినట్టయ్యేది, కీలులో సూక్ష్మజీవులు లేకుండానే నీరు చేరేది, కీలు లోపలి పొరైన సైనోవియం వాచేది. రోటేటర్ కఫ్‌కు అది పనికిరాదని తేలిపోయింది. అందుకని పాలీ ఎల్ లాక్టిక్ ఆమ్లానికి వెళ్ళారు. ఇది స్ఫటికంలా గట్టిగా పేరుకున్న పదార్థం, నీరు లోపలికి చొరబడదు, అయిదేళ్ళ తర్వాత కూడా ముక్కలు కనిపిస్తాయి. బలం సంగతి బాగానే ఉంది గానీ, పేరుకు కరిగేదే తప్ప రోగి లెక్కలో అది కరగనట్టే. పైగా చివర్లో విడిపోయే స్ఫటిక ముక్కలను శరీరం తేలిగ్గా జీర్ణించుకోలేదు.

ఇప్పుడు వాడుకలో ఉన్నవి ఈ రెంటి మధ్యవి. ఎల్, డీ రూపాల లాక్టైడ్ కలిపిన పాలిమర్ ఒకటి, లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాలను సుమారు 85:15 పాళ్ళలో కలిపింది మరొకటి. గొలుసులు క్రమంగా పేర్చుకోలేవు కాబట్టి నీరు సమంగా లోపలికి పోతుంది. మూడు నెలల పాటు బలం నిలిచి, ఏడాది నుంచి మూడేళ్ళలో పదార్థం పోయేలా పాళ్ళు సర్దుకుంటారు. డబ్బా మీద 'బయో' అని చూసి ఊరుకోకుండా ఏ పాలిమర్, ఏ పాళ్ళు అన్నది చదవాలి. ఒకే పేరు కింద రెండేళ్ళ తేడాతో కరిగేవి అమ్ముడవుతాయి.

కరిగిన చోట ఎముక పుడుతుందా అంటే, స్వచ్ఛమైన పాలిమర్‌తో ఆ ఆశ పెట్టుకోకూడదు. యాంకర్ పోయాక చాలా భుజాల్లో కొవ్వో, నారలాంటి కణజాలమో నిండిన గుంట మిగులుతుంది. ఈ లోటు తీర్చడానికే బయోకాంపోజిట్ యాంకర్లు వచ్చాయి. పాలిమర్‌లో 15 నుంచి 30 శాతం దాకా బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ గానీ, హైడ్రాక్సీఅపటైట్ గానీ కలుపుతారు. దీనికి రెండు పనులు. కరిగేటప్పుడు ఊరే ఆమ్లాన్ని కాల్షియం లవణం కొంత విరిచేస్తుంది. ఖాళీ అవుతున్న చోట కొత్త ఎముక పాకడానికి మెట్టులా నిలుస్తుంది. ఎముక నిజంగానే పెరుగుతుంది, కానీ అందరిలోనూ కాదు, రంధ్రమంతా నిండేలా కూడా కాదు. ఆరు నెలలకు ఎంఆర్ఐ తీస్తే యాంకర్ చుట్టూ నీటి గీత, వెడల్పైన రంధ్రం, ఒక్కోసారి చిన్న సిస్టు, అంటే నీటి తిత్తి, కనిపించడం మామూలే. నొప్పి లేకుండా, టెండన్ అతుక్కుని ఉంటే ఆ చిత్రాన్ని చూసి కంగారుపడి రోగిని భయపెట్టనక్కర్లేదు.

ఇక్కడో మాట. ఈ సిస్టులకు ఆమ్లమే ఏకైక కారణమని చాలామంది అనుకుంటారు. ఏమాత్రం కరగని పీక్ చుట్టూ, వట్టి దారపు యాంకర్ల చుట్టూ కూడా ఇలాంటి గుంటలు వస్తాయి. యాంకర్ సూక్ష్మంగా కదలడం, దారం పక్కనున్న సందులోంచి కీలు ద్రవం ఎముకలోకి ఇంకడం కూడా ఇందులో చెయ్యి కలుపుతాయి. కాబట్టి పదార్థం మార్చినంత మాత్రాన సిస్టు సమస్య తీరిపోదు, యాంకర్ కదలకుండా కూర్చోవడం అంతకంటే ముఖ్యం.

బయోకాంపోజిట్‌కు ఉన్న అసలు బలహీనత పెళుసుదనం. సిరామిక్ పొడి కలిసేకొద్దీ పాలిమర్ గట్టిపడుతుంది, మెలితిప్పే బలానికి చిట్లిపోయే గుణమూ పెరుగుతుంది. యాభై ఏళ్ళ లోపు, కాయకష్టం చేసే మనిషి ట్యూబరోసిటీలో దీన్ని టైటానియంలా దింపబోతే సగంలో విరుగుతుంది. అది ఎలా విరుగుతుందో తెలిస్తే ఎలా దింపాలో కూడా తెలిసిపోతుంది, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

ముందు వెన్నుసూది చర్మంలోంచి గుచ్చి, యాంకర్ ఏ కోణంలో వెళ్ళాలో ఖాయం చేసుకోవాలి. భుజానికి పైకప్పులా ఉండే ఎముక అక్రోమియన్ పక్క అంచును ఆనుకుని చిన్న గాటు పెడితే సాధారణంగా కోణం దొరుకుతుంది. ఫుట్‌ప్రింట్ మీద మెత్తటి కణజాలం తీసేసి, ఎముకను రక్తం చెమ్మగిల్లేదాకా మాత్రమే గీరాలి. కార్టెక్స్ లేచిపోయేలా బర్ (తిరుగుతూ ఎముకను అరగదీసే పనిముట్టు) పట్టకూడదు. పంచ్‌ను లేజర్ గీత దాకా కొట్టి, వచ్చిన దారిలోనే తిప్పుతూ వెనక్కి తీయాలి. పక్కలకు ఊపి తీస్తే రంధ్రం నోరు కోడిగుడ్డు ఆకారంలో సాగుతుంది, యాంకర్ పై మరలకు పట్టు ఉండదు. పంచ్‌కు సుత్తి దెబ్బలు గట్టిగా తగులుతుంటే ట్యాప్ తప్పనిసరి. ట్యాప్‌ను చివరి గీత దాకా నడపాలి. సగం ట్యాప్ చేస్తే యాంకర్ ముక్కు ట్యాప్ చేయని ఎముకను తాకిన చోట ఆగిపోతుంది, పైనుంచి డ్రైవర్ తిరుగుతూనే ఉంటుంది, ఐలెట్ దగ్గర మెడ తెగుతుంది. ట్యాప్ తీసిన వెంటనే, చెయ్యి తిప్పే కోణం మార్చకుండా, కెమెరా కదలకుండా యాంకర్ దింపాలి. ఈ మధ్యలో సహాయకుడు చెయ్యి పది డిగ్రీలు తిప్పాడంటే రంధ్రం కోణం మారిపోతుంది. మొదటి రెండు తిప్పులు వేళ్ళతో తిప్పినంత తేలిగ్గా వెళ్ళాలి. అక్కడే బిగుసుకుంటే బలం పెట్టకుండా వెనక్కి తీసి, మళ్ళీ ట్యాప్ చేయాలి. డ్రైవర్‌ను మీటలా వాడి కోణం సరిదిద్దబోతే మాత్రం విరగడం ఖాయం.

లోతు కూడా అంతే ముఖ్యం. యాంకర్ తల కార్టెక్స్‌కు ఒకటి రెండు మిల్లీమీటర్ల కింద ఉండాలి. పైకి ఉంటే అక్రోమియన్ కింద రాసుకుంటుంది. మరీ లోతుకు పోతే దారం ఐలెట్ నుంచి నేరుగా కాకుండా రంధ్రం అంచు మీదుగా మలుపు తిరుగుతుంది. లాగుడు పడ్డప్పుడల్లా ఆ దారం ఎముక అంచును కోస్తుంది, కోసినంత మేర వదులవుతుంది, టెండన్‌కూ ఎముకకూ మధ్య ఎడం వస్తుంది. యాంకర్ దిగాక దారాలన్నిటినీ కలిపి పట్టుకుని, టెండన్ లాగే దిశలోనే గట్టిగా లాగి చూడాలి. కదిలిందనిపిస్తే అక్కడే ఒప్పుకుని మార్చేయాలి. ముడులు వేశాక తెలిసినా లాభం లేదు.

కోణం విషయంలో 1995లో బర్కార్ట్ చెప్పిన డెడ్‌మ్యాన్ సూత్రం ఇప్పటికీ అందరూ బట్టీపడతారు. కంచె స్తంభాన్ని లాగి పట్టుకోవడానికి భూమిలో పాతే దిమ్మతో పోల్చి, యాంకర్ 45 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ కోణంలో వాలి ఉండాలన్నారు. మర అంచులున్న యాంకర్లు నిటారుగా దిగినా బాగానే నిలుస్తాయని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. నా దృష్టిలో డిగ్రీల కంటే యాంకర్ ముక్కు ఎక్కడ ఆగుతుందన్నదే ముఖ్యం. లోపలికి వాల్చి దింపితే అది మృదులాస్థి కింది గట్టి ఎముక వైపు పోతుంది. నిటారుగా దింపితే ట్యూబరోసిటీ మధ్యలోని బోలు ఎముకలో ఆగుతుంది. కోణం పేరుతో మనం నిజానికి ఎంచుకునేది ఎముకను.

ఇంకో చిన్న విషయం, స్టోర్‌లో పనిచేసేవాళ్ళకు. పాలిలాక్టిక్ యాంకర్లకు తేమ, వేడి రెండూ శత్రువులే. అందుకే రేకు సంచిలో, తేమ పీల్చే పొట్లంతో వస్తాయి. సుమారు 60 డిగ్రీల దగ్గరే ఈ పాలిమర్ మెత్తబడుతుంది, 121 డిగ్రీల ఆటోక్లేవ్‌లో పెడితే ఆకారమే నిలవదు. సంచి చిరిగినది, గడువు దాటినది, పొరపాటున తెరిచి వాడకుండా పక్కన పెట్టినది మళ్ళీ స్టెరిలైజ్ చేసి వాడే ఆలోచనే పెట్టుకోకూడదు.

పీక్, దారపు యాంకర్లు

పాలీఈథర్ ఈథర్ కీటోన్‌ను అందరూ పీక్ అనే అంటారు. కరగదు, ఆమ్లం విడుదల చేయదు, ఎక్స్‌రేలో కనబడదు, ఎంఆర్ఐని చెడగొట్టదు. వంగకుండా నిలిచే గట్టిదనం లెక్కల్లో టైటానియం మిశ్రమం 110 గిగాపాస్కల్స్ దగ్గర ఉంటే గట్టి ఎముక 20 లోపు, పీక్ 4 లోపు. ఇంత చిన్న వస్తువులో ఆ తేడాకు పెద్ద ప్రాధాన్యం లేదు గానీ, ఒక లాభం మాత్రం కచ్చితంగా ఉంది. రేపు ఇదే చోట మళ్ళీ యాంకర్ కావాలంటే పీక్ మీదుగానే డ్రిల్ చేసుకుపోవచ్చు. అలా తొలిచినప్పుడు రాలే పొడి కీలులో మిగలకుండా షేవర్ అనే కోసి పీల్చే పనిముట్టుతో, ధారాళమైన నీటితో కడగాలి.

పీక్‌కు ఉన్న లోపం ఎముక దానికి అతుక్కోకపోవడం. నీటిని వికర్షించే నునుపైన పదార్థం అది. మర పట్టు ఉన్నంతవరకే ఉంటుంది, చుట్టూ సన్నటి నార పొర పేరుకుంటుంది. దీనికి విరుగుడుగా గోడలకు కిటికీల్లాంటి ఖాళీలు పెట్టి, మజ్జ, రక్తం లోపలికి పారేలా చేసిన యాంకర్లు వచ్చాయి. ఆ ఖాళీల్లో ఎముక పెరిగితే పదార్థం అతుక్కోకపోయినా ఆకారం పట్టుకుంటుంది. ముడి అవసరం లేని లేటరల్ రో (బయటి వరస) యాంకర్లలో పీక్ నాకు బాగా నచ్చుతుంది. సుత్తి దెబ్బకు చిట్లదు, దారపు టేపును రంధ్రం గోడకు గట్టిగా నొక్కి పెడుతుంది. ఎక్స్‌రేలో కనబడకపోవడాన్ని మాత్రం కొందరు సుగుణంగానే చెబుతారు. ఊడిందేమోనన్న అనుమానం వచ్చిన రోజున అది సుగుణంలా అనిపించదు.

దారపు యాంకర్‌లో గట్టి వస్తువంటూ ఏమీ ఉండదు. అల్లిన మెత్తటి గొట్టం, దాని గుండా వెళ్ళే దారాలు, అంతే. సన్నటి రంధ్రంలోకి దాన్ని దూర్చి దారం లాగితే గొట్టం ముడుచుకుని కార్టెక్స్ కింద ఉండలా నిలుస్తుంది. కఫ్‌కు వాడేవాటికి రంధ్రం 3 మిల్లీమీటర్ల లోపే, అంటే మర యాంకర్‌కు పోయే ఎముకలో చిన్న వాటా. ఒకటి విఫలమైతే పక్కనే ఇంకోటి పెట్టే చోటుంటుంది, కీలులో గట్టి ముక్క తేలే భయం ఉండదు.

కానీ ఇది పూర్తిగా కార్టెక్స్ మీద ఆధారపడే వస్తువు. మర యాంకర్ లోపలి ఎముకను కూడా పట్టుకుంటుంది, దీనికి పైపొర తప్ప వేరే ఆధారం లేదు. ఫుట్‌ప్రింట్‌ను అతిగా గీరి కార్టెక్స్ పల్చబరిస్తే ఉండ కాస్తా దారంతోపాటు పైకి వచ్చేస్తుంది. ఎముక కింద సిస్టు ఉంటే ఉండ అందులో జారిపోతుంది. సరిగ్గా దిగినా కూడా లాగుడుకు మర యాంకర్ కంటే కాస్త ఎక్కువ కదులుతుంది, ముఖ్యంగా మొదటి లాగుళ్ళలో. అందుకే టెండన్‌లో కుట్లు వేయకముందే దాన్ని గట్టిగా లాగి, ఇక కదలదన్న దాకా స్థిరపరచాలి. ఆ పని మరచిపోతే మొదటి వారం ఫిజియోథెరపీలో ఆ కదలిక కాస్తా టెండన్ కింద ఎడంగా తేలుతుంది. డ్రిల్ గైడును తీయకుండానే యాంకర్ దూర్చడం ఇంకో జాగ్రత్త. అంత సన్నటి రంధ్రం రక్తం చెమ్మగిల్లే ఎముక మీద ఒకసారి తప్పిపోతే మళ్ళీ దొరకదు. దారం గొట్టంలో బిగుసుకుపోయి జారకపోతే జారుడు ముడి కోసం పట్టుబట్టకుండా, దిశలు మారుస్తూ, పోస్టు (ముడికి ఆధారంగా నిలిచే దారం) మారుస్తూ మామూలు హాఫ్ హిచ్ ముడులు వేసుకోవాలి.

మెగ్నీషియం మిశ్రమాలతో కూడా ప్రయోగాలున్నాయి. అవి లోహంలా గట్టివి, ఒంట్లో కరుగుతాయి, కరిగేటప్పుడు హైడ్రోజన్ వాయువు విడుదల చేస్తాయి. ఆ వాయువు చుట్టూ ఎముకలో నల్లటి ఖాళీలా కనిపిస్తుంది. రోటేటర్ కఫ్‌కు రోజువారీ ఎంపికగా నేనింకా వాటిని లెక్కలోకి తీసుకోను.

ఎముక మెత్తగా ఉంటే

ఇక్కడ మాత్రం పుల్-అవుట్ బలం నిజంగా లెక్కకొస్తుంది. టెండన్ చాలా కాలంగా ఊడి ఉంటే లాగుడు లేక ట్యూబరోసిటీ ఎముక పల్చబడిపోతుంది, వయసు, ఎముకల గుల్లతనం దానికి తోడవుతాయి. ట్యూబరోసిటీ అంతా ఒకేలా ఉండదు. మృదులాస్థి అంచుకు దగ్గరగా, పై భాగంలో ఎముక దిట్టంగా ఉంటుంది. పక్కకు, కిందికి దిగేకొద్దీ లోపల బోలుతనం ఎక్కువ. పంచ్ బొటనవేలి ఒత్తిడికే దిగిపోయిందంటే ఆ ఎముక ఏమిటో తెలిసిపోయినట్టే.

అప్పుడు ఎముకను గీరడం మానేయాలి. రంధ్రాన్ని యాంకర్ సైజు కంటే చిన్నగా పెట్టి ట్యాప్ మానేయాలి. 5.5 బదులు 6.5 మిల్లీమీటర్లది, లోతు మరలున్నది, మృదులాస్థి అంచు పక్కనే దింపాలి. దిగాక కదిలితే అదే రంధ్రంలోకి పక్కనుంచి ఇంకో యాంకర్‌ను కొట్టి రెండూ ఒకదాన్నొకటి బిగబట్టుకునేలా చేయవచ్చు. ఖాళీ గొట్టంలాంటి యాంకర్ల గుండా కొద్దిగా ఎముక సిమెంటు ఎక్కించడం పట్టును బాగా పెంచుతుంది, తీయాల్సి వస్తే మాత్రం నరకం చూపిస్తుంది. పెద్ద సిస్టు ఉంటే ముందు ఎముక ముక్కలు దట్టించి, ఆ తర్వాతే యాంకర్ సంగతి చూడాలి. ఇలాంటి ఎముకలో పెళుసుదనం సమస్యే కాదు కాబట్టి బయోకాంపోజిట్ పెద్ద సైజుది చక్కగా పనిచేస్తుంది. దారపు యాంకర్‌కు మాత్రం ఇది చోటు కాదు. ఒక్క చోట యాంకర్లు కిక్కిరిపిస్తే రంధ్రాల మధ్య ఎముక చిట్లుతుంది, సాధారణంగా సెంటీమీటరు ఎడం ఉంచడం మంచిది.

మళ్ళీ తెరవాల్సి వస్తే

టెండన్ మళ్ళీ చిరిగి, దాన్ని మళ్ళీ కుట్టేటప్పుడు పాత యాంకర్‌ను తీయడమే పనిగా పెట్టుకోనక్కర్లేదు. ఎముకలో మునిగి, కదలకుండా ఉన్న టైటానియం యాంకర్‌ను అక్కడే వదిలి పక్కన కొత్తది పెట్టడమే మేలు. తీస్తే మిగిలే గుంట కొత్త యాంకర్ చోటును తినేస్తుంది. తప్పక తీయాలంటే అదే తయారీదారు డ్రైవర్ కావాలి, లేదంటే చుట్టూ ఎముకను గుండ్రంగా కోసే కోరింగ్ రీమర్ పట్టాలి. పీక్‌ను తొలిచేయవచ్చు. బయోకాంపోజిట్ ఏడాది దాటితే డ్రిల్‌కు అడ్డురాదు, కానీ ఆ రంధ్రం చుట్టూ ఎముక నమ్మదగ్గది కాదు, దాన్ని మెత్తటి ఎముకగానే లెక్కించాలి. దారపు యాంకర్‌ను పట్టించుకోకుండా దాని మీదుగా పోవచ్చు.

చీము పడితే ఈ వెసులుబాట్లేవీ వర్తించవు. భుజంలో తరచూ కనిపించే క్యూటిబాక్టీరియం ఆక్నెస్ నెమ్మదిగా పెరిగే సూక్ష్మజీవి, జ్వరం తెప్పించకుండా నొప్పి, బిగుతుతోనే నెలలు గడిపేస్తుంది. యాంకర్ చుట్టూ నీరు కనబడితే అది కరగడం వల్లా, ఇన్ఫెక్షన్ వల్లా అని తేల్చుకోవాలి. ముఖ్యంగా కరిగే యాంకర్ పెట్టిన భుజంలో ఈ పొరపాటు సులువుగా జరుగుతుంది. ఒకటికి మించి కణజాలపు ముక్కలు తీసి, కల్చర్‌ను 14 రోజులు ఉంచమని ల్యాబ్‌కు చెప్పాలి. మామూలుగా అయిదు రోజులకు పారేస్తే ఇది దొరకదు. ఇన్ఫెక్షన్ ఖాయమైతే యాంకర్ ముక్కలతోపాటు అల్లిక దారాలనూ పోగు మిగలకుండా తీయాలి, సూక్ష్మజీవులు పొరకట్టుకుని దాక్కునేది ఎక్కువగా ఆ అల్లికలోనే.

ఇవన్నీ సాఫీగా జరగాలంటే మొదటి ఆపరేషన్ నోట్‌లో 'మూడు యాంకర్లు వేశాం' అని రాసి వదిలేస్తే సరిపోదు. తయారీదారు, మోడల్, పదార్థం, సైజు, ఒక్కోదాంట్లో ఎన్ని దారాలు, మీడియల్ రోలో (లోపలి వరసలో) ఎన్ని, లేటరల్ రోలో ఎన్ని, ఏదైనా విరిగి లోపలే వదిలేశారా అన్నవి రాసి, డబ్బా మీది స్టిక్కర్ అంటించాలి. ఆ కాగితం నకలు రోగి చేతికి కూడా ఇవ్వాలి. అయిదేళ్ళ తర్వాత ఎక్స్‌రేలో ఏమీ కనబడని భుజంతో ఆ మనిషి ఇంకో సర్జన్ దగ్గరికి వెళితే, లోపల ఉన్నది పీకో, దారమో, కరిగిపోయిన గుంటో చెప్పేది అదొక్కటే.